మూరెడు దారం

అంకన్న తాడును చూసి నమ్మడు. అరచేతుల మధ్య నలిపి, కొస విప్పి, ఒక పోగు పళ్ల మధ్య పెట్టి కొరికి, ఆఖరున వాసన చూస్తాడు. ముప్పై ఏళ్లు బావుల్లోకి మనుషుల్ని దించి పైకి లాగినవాడు మరి. రాచర్ల చుట్టుపక్కల బావులు ఎండిపోయి, చేనుకొక బోరుగొట్టం లేచాక ఆ విద్యతో ఎవరికీ పని లేకుండా పోయింది. అందుకే గురువారం పొద్దున గద్దబండ మీద కొత్త తాళ్ల కట్ట విప్పి ఒక్కోటీ కొరికి చూస్తుంటే, అతని మొహం విందుకు కూర్చున్నవాడి మొహంలా ఉంది.

"మంచి తాడు" అన్నాడు ఆఖరికి. తాడుకు అతనిచ్చే బిరుదు అదొక్కటే. కానిదాన్ని "చెడ్డది" అని పక్కన పడేస్తాడు. ఈ రెంటికీ మధ్య అతని దగ్గర ఇంకో మాట లేదు.

తాళ్లు కొన్నది మధుసూదన్. మార్కాపురంలో వాళ్లది తాతల నాటి పలకల వ్యాపారం. పిల్లలు పలకలు పట్టడం మానేశాక ఏవేవో చేసి చూసి, ఇప్పుడు గద్దబండ కింద పది గుడారాలు వేసి సాహసక్రీడల క్యాంపు పెట్టాడు. శనివారం ప్రారంభం. గద్దబండ రెండు వందల అడుగుల నిట్టనిలువు రాయి, దాని కింద కంది కోసేసిన బీడు. ఆ రాయి మీద నుంచి సాయినాథ్ అనే హైదరాబాదు కుర్రాడు పారాచూట్ కట్టుకుని దూకుతాడు, దాన్ని వీడియో తీసి ఊరూరా చూపిస్తారు. క్యాంపు నిలబడితే తాళ్ల పనంతా నీదే పోవయ్యా అని మధుసూదన్ అంకన్నకు మాటిచ్చాడు. యాభై ఆరేళ్ల వయసులో మళ్లీ తాడు పట్టే పని. నాలుగేళ్లుగా ఇంకొకరి గొర్రెల వెంట నడుస్తున్న అంకన్నకు ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

సాయినాథ్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బండ మీద టార్పాలిన్ పరిచి, దానిమీద పారాచూట్ గుడ్డ పరిచి, దాన్ని మడవడానికి గంటన్నర తీసుకున్నాడు. మడత మడతకూ అరచేత్తో గాలి నొక్కి తీస్తాడు. మడత జారకుండా క్లిప్పు పెడతాడు. సన్నతాళ్లను పాయలు పాయలుగా చేర్చి, ఒక్కో పాయా చిక్కు లేదని వేళ్లతో పై నుంచి కింది దాకా నిమిరి చూస్తాడు. అంకన్న పక్కన గొంతుకూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. వీడూ మనవాడే అనుకున్నాడు. విమానంలోంచి దూకేవాళ్ల వీపు మీద రెండో గొడుగు కూడా ఉంటుందట, ఇక్కడ రెండోది తెరిచేంత వ్యవధి ఉండదు కాబట్టి ఉన్నది ఒక్కటేనట. ఆ మాట సాయినాథ్ మామూలుగానే చెప్పాడు.

సాయంత్రం వాడు ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి పదిసార్లు బీడులోకి దూకాడు. మడమల దాకా బిగించే బూట్లు, మోకాళ్లకు ప్లాస్టిక్ చిప్పలు. పాదాలూ మోకాళ్లూ జంటగా దగ్గరికి పెట్టుకుని దిగుతాడు, దిగీదిగగానే పిక్క మీదికి, తొడ మీదికి, భుజం మీదికి దొర్లిపోతాడు. నిటారుగా నిలబడాలని చూస్తే దెబ్బంతా నడుముకు పోతుందట. బండ మీద నుంచి దూకేటప్పుడు భుజాలు రెండూ సమంగా ఉండాలట. ఒకటి వంగితే గుడ్డ బండ వైపు తిరిగి తెరుచుకుని, తీసుకుపోయి రాతికే కొడుతుందట. అడిగినవాళ్లకల్లా ఓపిగ్గా చెప్పాడు.

చెప్పనిది ఒక్కటే ఉంది, దాని సంగతి శుక్రవారం వచ్చింది. పారాచూట్‌ను వీపు సంచిలోంచి బయటికి లాగేది ఒక పొడుగాటి పట్టీ. పట్టీ ఒక కొస గుడ్డకు, రెండో కొస బండలో దిగ్గొట్టిన ఇనుప కొక్కేనికి. మనిషి దూకితే పట్టీ బిగుసుకుంటుంది, గుడ్డను బయటికి గుంజుతుంది, గుడ్డ తెరుచుకుంటుంది. అంతవరకూ అంకన్నకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. కాని పట్టీని కొక్కేనికి కట్టేది తాడు కాదు. మైనం పూసిన తెల్లదారం. గోనెసంచి మూతి కుట్టే పురికొస కంటే కాస్త లావు, అంతే. సాయినాథ్ ఆ దారపు ఉండ ఇచ్చి, మూరెడేసి ముక్కలు నాలుగు కోసి రేకుడబ్బాలో పెట్టి నీ దగ్గరే ఉంచు బాబాయ్, రేపు నువ్వే కట్టాలి, ముడి నీకంటే బాగా ఎవరూ వెయ్యలేరు అన్నాడు.

అంకన్న ఉబ్బిపోయి దారం కొస నోట్లో పెట్టుకున్నాడు. పళ్ల కింద అది మెత్తగా నలిగింది.

"నాయనా, ఇది ఆగదు" అన్నాడు. "నీ బరువు పడితే ఇది ఆగదు."

"సరిపోతుంది బాబాయ్, దానికో లెక్కుంది" అంటూ సాయినాథ్ నోట్లో ఉన్న క్లిప్పు తీశాడు, ఇంకేదో చెప్పబోయాడు.

ఈలోగా ఫోను చెవిలోంచి దించకుండానే మధుసూదన్ అందుకున్నాడు. "నీకెందుకు అంకన్నా ఇవన్నీ? కొయ్యమంటే కొయ్యి. ఆయన దేశాలు తిరిగి దూకొచ్చినాడు. బావుల లెక్కలు ఇక్కడ చెప్పొద్దు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సాయినాథ్ కూడా కొంచెం నవ్వి క్లిప్పు మళ్లీ నోట పెట్టుకుని మడతలో పడ్డాడు. అంకన్న నాలుగు ముక్కలు కోసి డబ్బాలో పెట్టాడు. తనకు తెలిసిన ఒకే ఒక్క సంగతి గురించి నోరు తెరిస్తే నలుగురిలో మూసుకోమన్నారు. చెవులు సాయంత్రం దాకా వేడిగానే ఉన్నాయి.

ఇంటికెళ్లి కాళ్లు కూడా కడుక్కోకుండా గొర్రెల కొట్టం దూలానికి ఒక ముక్క కట్టాడు. సిమెంటు సంచిలో సగానికి ఇసుక పోసి వేలాడదీశాడు. ఆగింది. ఇంకో రెండు పారలు పోశాడు. దారం సన్నగా మూలిగింది. సంచి నిండబోతుండగా టప్‌మని తెగింది.

లోపల పొయ్యి దగ్గరున్న పాపమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. భర్తను చూసింది, దూలానికి ఊగుతున్న కొసను చూసింది, గోడకు చేరగిలబడింది. ఆ చప్పుడు ఆమెకూ తెలుసు. మరిది యల్లయ్య పోయిన రోజు అన్నం మూట పట్టుకుని బావి గట్టు మీదే ఉంది. తాడు అతుకు మీద కొత్త నార చుట్టి, మైనం పట్టించి, కొత్త తాడేనని చెప్పి ఇచ్చాడు ఆ బావి గలాయన. పై నుంచి కొరికితే కొత్త నారే తగిలింది. లోపల అతుకుందని అంకన్నకు తెలిసేసరికి తమ్ముడు అరవై అడుగుల కింద ఉన్నాడు.

"ఏందయ్యా ఇది?" అంది.

"రేపు ఆ పిల్లగాడు దూకేది దీన్ని నమ్ముకోని. ఇది ముందే తెగితే గుడ్డ సంచిలోనే ఉండిపోతాది. ఇంకో గొడుగు కూడా లేదు వానికి."

"చెప్పకపోయినావా?"

"చెప్పినా. నీకెందుకన్నారు."

పాపమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. అంకన్న గొర్రెల దొడ్డి వల కట్టగా మిగిలిన నైలాను దారం తీశాడు. తెల్లగానే ఉంది, లావూ అంతే. మూర కొలిచి నాలుగు ముక్కలు కోశాడు. కొవ్వొత్తితో ఒక్కో ముక్కా రుద్దాడు, నునుపు పోయేదాకా బూడిదలో దొర్లించి తుడిచాడు. నిండు సంచి వేలాడదీసి, దాని మీద తానూ ఎక్కి కూర్చున్నాడు. దూలం కిర్రుమంది గాని దారం ఉలకలేదు. డబ్బాలో ఉన్న ముక్కలు తీసి నడుము మడతలో దోపుకుని, వాటి చోట ఇవి పెట్టాడు. వాళ్లకు తెలియకపోతే మాత్రమేం, తెల్లారి పిల్లవాడు నవ్వుకుంటూ కిందికి దిగుతాడు. ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

శనివారం ఎండ చురుక్కుమనక ముందే గద్దబండ కింద నూరూనూటయాభై మంది చేరారు. పైన అంకన్న మోకాళ్ల మీద కూర్చుని పట్టీని కొక్కేనికి కట్టాడు. సాయినాథ్ వచ్చి ముడి పట్టి రెండుసార్లు గుంజాడు, వేలితో తడిమాడు, బాగుందని బొటనవేలు చూపించాడు. దారం వంక చూడనే లేదు. ఎందుకు చూస్తాడు, ఉండ తనదేనాయె.

తర్వాత మధుసూదన్ ఫోను అడ్డంగా పట్టుకుని చూసి, వెలిసిన లుంగీతో నువ్వు వీడియోలో అడ్డమొస్తున్నావు, కింద జెండా పట్టుకో పో అని పంపించేశాడు. జెండా అంటే వెదురుకు కట్టిన ఎర్రగుడ్డ. అది ఎటు ఎగిరితే గాలి అటు. నిలబెట్టి ఉంటే దూకొచ్చు, నేల మీద పడుకోబెడితే దూకకూడదు. సాయినాథ్ పెట్టిన నియమాల్లో అన్నిటికంటే గట్టిది అదే.

కింద బీడులో గిద్దలూరు నుంచి వచ్చిన నర్సు రమణి వ్యాను తలుపు తీసి సామాను సర్దుకుంటోంది. మెడకు కట్టే పట్టీ, మనిషిని పడుకోబెట్టే పొడుగాటి చెక్క, కాళ్లకు కట్టే బద్దలు. అంకన్న అది ఏమిటి ఇది ఏమిటని అడిగితే, ఆమె పని చేసుకుంటూనే చెప్పింది. పడినవాణ్ని లేపి కూర్చోబెట్టకూడదట. హెల్మెట్ లాగకూడదట. ఈ ఆటలో చీలమండలు విరగడం మామూలేనట, నడుము పూసలు కుంగితేనే కష్టమట.

"అన్నిటికంటే ఆయన భయం ఏందో తెల్సా మామా?" అంది. "పైన కట్టినారే దారం, అది తెగకపోతే ఎట్లని."

అంకన్నకు ఒక్క క్షణం ఆ మాట తలకెక్కలేదు.

"తెగకపోతే ఏంది? తెగితే కదా భయం."

"కాదు మామా. గుడ్డ బయటికొచ్చే దాకా పట్టుకోవాల, వచ్చినాక తెగిపోవాల. అందుకే లెక్క ప్రకారం అంత సన్నదారం. తెగలేదనుకో, గుడ్డ పైనే చిక్కుకుంటాది. మనిషి దానికి వేలాడుతా ఊగిపోయి బండకు కొట్టుకుంటాడు. బతికినా ఆ బెల్టుల్లో అట్లే వేలాడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి ప్రాణం పోతాదంట. నడిమి రాతి మీంచి దించేదానికి మన దగ్గర ఎవురున్నారు?" రమణి తలెత్తింది. "నాకు నిన్న గంటసేపు చెప్పినాడు. తాళ్ల పని నీదే కదా, నీకు చెప్పలా?"

అంకన్న పైకి చూశాడు. రాతి అంచున ఎర్ర హెల్మెట్ కనిపిస్తోంది. సాయినాథ్ ఒక చెయ్యి పైకెత్తాడు. అది మూడు అంకెలు లెక్కపెట్టబోయే గుర్తు. జనం ఫోన్లు పైకి లేపారు. గాలి ఆవగింజంత కూడా లేదు, ఎర్రగుడ్డ వెదురును అంటుకుని ఉంది.

అంకన్న వెదురును నేల మీద పడేసి దానిమీద కాలు పెట్టి నిలబడ్డాడు.

ఎత్తిన చెయ్యి అలాగే కిందికి దిగింది. ఎర్ర హెల్మెట్ అంచు నుంచి వెనక్కి పోయింది. జనంలో ఉసూరుమన్న గొణుగుడు. రమణి భుజానికున్న వాకీటాకీలో మధుసూదన్ గొంతు బుసకొట్టింది. గాలి లేదు కదా, జెండా ఎందుకు దించినాడు, తిరిగిందా గాలి, అడుగు వాణ్ని.

తిరిగింది సారూ అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. పావుగంట ఆగి మళ్లీ జెండా ఎత్తమంటారు, అప్పుడేం చెయ్యాలి? దారం అక్కడే ఉంది.

"నేను పైకొస్తాండా. నేనొచ్చే దాకా దూకొద్దని చెప్పు తల్లీ" అన్నాడు. రమణి అతని మొహం చూసి కారణం అడగలేదు. వచ్చి వెదురు మీద తన కాలు పెట్టింది.

పక్కదారిన పైకి అరగంట నడక. అంకన్న ఎక్కుతుంటే నడుములో దోపిన మూడు ముక్కలూ పొట్టకు గీసుకుంటున్నాయి. సగం దారిలో ఆగి ఊపిరి పీల్చుకున్నప్పుడు ఒక ఉపాయం తోచింది. ముడి వదులైనట్టుంది సారూ, మళ్లీ వేస్తానంటే ఎవరు కాదంటారు? వంగి నైలాను తీసేసి అసలుది కట్టెయ్యొచ్చు. డబ్బాలో మిగిలినవి మధ్యాహ్నానికి మార్చెయ్యొచ్చు. ఎవరికీ తెలియదు, పని పోదు, పిల్లవాడూ బతుకుతాడు. ఆ ఆలోచనతో అడుగులు వేగంగా పడ్డాయి.

పైకి చేరాక ముడి సంగతే చెప్పాడు. మధుసూదన్ చేతి గడియారం చూసుకుంటూ కానియ్ కానియ్ అన్నాడు. అంకన్న కొక్కెం దగ్గర కూర్చుని ముడి విప్పాడు. చేతిలో ఆ ముక్క ఉంది. మైనం పట్టించి, బూడిద పూసి, ఒకదాన్ని ఇంకోదానిలా చేసిన ముక్క. అతుకు మీద నార చుట్టిన ఆ బావి గలాయన్ని ముప్పై ఏళ్లుగా పొద్దుటా సాయంత్రం తిట్టుకుంటున్నాడు. ఆయనా ఇట్లాగే కూర్చుని, ఇట్లాగే రుద్ది ఉంటాడు. ఏం కాదులే అనే అనుకుని ఉంటాడు. అంకన్నకు తన చేతులంటే అసహ్యం వేసింది.

ముక్క పట్టుకుని లేచి సాయినాథ్ ముందుకు పోయాడు.

"ఇది నీ దారం కాదు నాయనా. నా గొర్రెల వల దారం. నిన్న సాయంత్రం నాలుగూ మార్చినా. నీది ఆగదనుకోని మార్చినా. తెగాల్నని నాకు తెల్వదు. ఇప్పుడు కింద ఆ పాప చెప్తే తెలిసింది."

సాయినాథ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ముక్క తీసుకుని రెండు చేతులకూ చుట్టి గుంజాడు. మళ్లీ గుంజాడు. అరచేతుల మీద ఎర్రగా గాట్లు పడ్డాయి. మెల్లగా వెళ్లి బండ మీద కూర్చున్నాడు.

మధుసూదన్‌కు మాత్రం మాటలు కరువు లేవు. మనిషిని చంపేవాడివి అన్నాడు, క్యాంపు పేరు మంటగలిపేవాడివి అన్నాడు, పోలీసులనీ అన్నాడు. ఈరోజుతో నీ ముఖం ఇక్కడ కనపడొద్దు అన్నాడు. అంకన్న తల వంచుకుని అన్నిటికీ సరే సారూ అన్నాడు. ఒక్క మాటలోనూ అబద్ధం కనిపించలేదు.

సాయినాథ్ మధుసూదన్ వైపు తిరిగాడు.

"నిన్న ఈయన నన్ను అడిగాడు సార్. ఇది ఆగదని చెప్పాడు. నర్సుకు చెప్పాను, వ్యాను డ్రైవరుకు చెప్పాను, దారం కట్టే మనిషికి చెప్పలేదు." చేతిలోని ముక్కను చూశాడు. "ముడి చూశాను గాని దారం నేనూ చూడలేదు."

అంకన్న నడుము మడతలోంచి అసలు ముక్కలు మూడూ తీశాడు. రెండు రకాలూ పక్కపక్కన పెడితే కన్నుకు తేడా తెలియడం లేదు. ఎలా గుర్తుపడతావని సాయినాథ్ అడిగాడు. కొరుకు అన్నాడు అంకన్న. దేశాలు తిరిగొచ్చిన కుర్రాడు ఒక కొస పళ్ల మధ్య పెట్టుకున్నాడు, తర్వాత రెండోది. ఒకటి జారింది. ఒకటి మెత్తగా నలిగింది. మెత్తటిది అంకన్న చేతిలో పెట్టాడు.

"నువ్వే కట్టు బాబాయ్."

మధుసూదన్ గడియారం చూసుకుని ఫోను మళ్లీ అడ్డంగా పట్టుకున్నాడు.

అంకన్న ఆ ముడి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ విప్పాడు. లోకంలో ఏ ముడీ అతని వేళ్లను అంత సతాయించలేదు. తెగుతుందని తెలిసి తెలిసి ఒక మనిషికి తాడు కట్టడం ముప్పై ఏళ్ల చేతులకు చేతకావడం లేదు. నాలుగోసారి ముడి పడింది. సాయినాథ్ ముడి గుంజి చూశాడు, ఈసారి దారం కూడా కొస నుంచి కొస దాకా తడిమి చూశాడు. కింద ఎర్రజెండా లేచింది.

మధుసూదన్ పక్కకు జరగమని చెయ్యి ఊపుతున్నాడు. అంకన్న కొక్కెం దగ్గర నుంచి కదల్లేదు.

సాయినాథ్ అంచున నిలబడి భుజాలు సరిచూసుకున్నాడు. చెయ్యి ఎత్తాడు. మూడు. రెండు. ఒకటి. ఎదురుగా ఎవరో పిలిచినట్టు ముందుకు అడుగు వేశాడు, అంతే, అంచు ఖాళీ. పట్టీ బుసబుసమంటూ పరుగెత్తింది. గుడ్డ సంచిలోంచి విసురుగా లేచింది. తాళ్లు బిగిశాయి. దారం మూలిగింది.

టప్.

అంకన్న కళ్లు మూసుకున్నాడు. చేతులు వాటంతట అవే ముందుకు చాచుకుని, లేని తాడును పట్టుకోబోయాయి. యల్లయ్య అని గొంతు దాకా వచ్చింది. అడుగు నుంచి వచ్చే ఆ రెండో చప్పుడు కోసం ఒళ్లంతా బిగబట్టుకున్నాడు.

రాలేదు. దాని బదులు దుప్పటి దులిపినట్టు బఫ్‌మని గుడ్డ తెరుచుకున్న చప్పుడు, వెనకే కింద నుంచి జనం కేకలు. కళ్లు తెరిచేసరికి నీలిరంగు గుడ్డ బండకు ఎడంగా, బీడు వైపు తేలిపోతోంది. సాయినాథ్ కాళ్లు జంటగా పెట్టుకుని దిగాడు, దొర్లాడు, లేచి కూర్చున్నాడు. రమణి పరుగెత్తింది. వాడు కుడి చీలమండ రుద్దుకుంటూ పై వైపు చూసి చెయ్యి ఊపాడు.

అంకన్న మోకాళ్ల మీద కూలబడి కొక్కేనికి మిగిలిన జానెడు కొస విప్పాడు. తెగిన చోట పోగులు పువ్వులా విచ్చుకున్నాయి. కన్నీళ్లు ముక్కు మీదుగా వాటి మీద పడుతుంటే తుడుచుకోలేదు.

మధుసూదన్ ఫోనులో వీడియో ఆపి, వాకీటాకీ తీసుకుంటూ అతని వైపు తిరిగాడు. గొంతులో ఇంకా కోపమే ఉంది. "తెగిందా సరిగ్గా?"

అంకన్న ఆ కొసను పళ్ల మధ్య పెట్టి కొరికాడు.

"తెగింది సారూ" అన్నాడు. "మంచి తాడు."